అద్దె ఇంటికి ఎన్ని స్టార్లు?

అద్దె ఇళ్ళ రివ్యూ యాప్ చేసే పని చెప్పడానికి తేలికే. ఫ్లాట్‌లో ఉండి ఖాళీ చేసినవాళ్ళు దాని బాగోగులు రాస్తారు. కొత్తగా ఇల్లు వెతుక్కునేవాళ్ళు అవి చదివి, టులెట్ బోర్డు మీది నంబరుకు ఫోన్ చేయాలో వద్దో తేల్చుకుంటారు. విశాఖపట్నంలో ఇలాంటి యాప్ అవసరమైనవాళ్ళు చాలామందే ఉన్నారు. నౌకాదళంలోకో, రైల్వేలోకో, పోర్టులోకో బదిలీ మీద వచ్చేవాళ్ళు, ఉక్కు కర్మాగారం పనుల కోసం గాజువాక, కూర్మన్నపాలెం చుట్టుపక్కల గదులు తీసుకునేవాళ్ళు, మధురవాడ, ఋషికొండ వైపు ఐటీ ఉద్యోగులు, ఆంధ్రా యూనివర్సిటీ విద్యార్థులు. వీళ్ళలో చాలామందికి ఊరు కొత్త. బ్రోకరు గదులు, గోడలు చూపించి కమీషన్ పుచ్చుకుంటాడు. నీళ్ళ సంగతి, ఓనరు సంగతి సామాన్లు దింపాకే తెలుస్తాయి.

యాప్ తయారుచేసేవాళ్ళు చాలావరకు ఐదు స్టార్లతోనే మొదలుపెడతారు. స్టార్ల విలువ ఎంతో జెర్వాస్, ప్రొసెర్పియో, బయర్స్ అనే పరిశోధకులు 2015లో, కొద్దిరోజుల బసకు ఇళ్ళు చూపించే ఎయిర్‌బీఎన్‌బీ మీద చేసిన పరిశీలన చెబుతుంది. అందులోని ఇళ్ళలో దాదాపు 95 శాతానికి సగటు రేటింగ్ నాలుగున్నర లేదా ఐదు. అన్ని ఇళ్ళూ బంగారమే అయినప్పుడు ఏ ఇంట్లో దిగాలో రేటింగ్ చెప్పలేదు. మొహమాటం లేకుండా రాయాలని ఆ సంస్థ 2014లోనే ఒక మార్పు చేసింది. అతిథి, ఇంటివారు ఇద్దరూ రాసేదాకా, లేదా గడువు ముగిసేదాకా ఒకరి రివ్యూ ఇంకొకరికి కనిపించదు. రెండు రాత్రులు ఉండి వెళ్ళేవాళ్ళకే ఇంత మొహమాటం ఉంటే, అడ్వాన్స్ ఓనరు చేతిలో ఉన్న కిరాయిదారుకు ఎంత ఉండాలి?

ఈ చిక్కులు ఆఫీసులో కూర్చుంటే కనిపించవు. వాటిని బయటికి తీసేది యూజర్ టెస్టింగ్. ‘యాప్ బాగుందా?’ అని అడిగితే ఎదుటి మనిషి నొచ్చుకోకుండా బాగుందనే అంటారు కాబట్టి అభిప్రాయ సేకరణ ఇందుకు చాలదు. ఫోను చేతికిచ్చి, ఒక పని అప్పగించి, మనసులో అనుకునేది పైకి చెబుతూ చేయమనాలి. గమనించేవాళ్ళు నోరు మెదపకూడదు. అసలు కష్టమంతా అక్కడే. ఈ పద్ధతిని 1982లో ఐబీఎంలో క్లేటన్ లూయిస్ కంప్యూటర్ల పరీక్షకు తెచ్చాడు. ఐదుగురితో పరీక్షిస్తే సుమారు 85 శాతం లోపాలు బయటపడతాయని యూజబిలిటీ నిపుణుడు జాకబ్ నీల్సన్ చెప్పిన లెక్క బాగా ప్రచారంలో ఉంది. అయితే ఆ ఐదుగురూ ఒకే తరహా వాళ్ళయినప్పటి మాట అది. ఋషికొండ ఐటీ కుర్రాళ్ళు ఐదుగురిని కూర్చోబెట్టి విశాఖ అంతటినీ పరీక్షించామనుకుంటే పొరపాటే. గాజువాక కాంట్రాక్టు కార్మికులు, తెలుగు రాని నేవీ కుటుంబాలు, హాస్టల్ వదిలి గది చూసుకునే ఆడపిల్లలు వేరే వేరే జట్లు. ఒక్కో జట్టుకూ విడిగా పరీక్ష పెట్టాల్సిందే.

పరీక్షలో మొదటి పని ‘మీరు ఖాళీ చేసిన ఇంటి గురించి రాయండి’ అనుకుందాం. తొలి తడబాటు ఇల్లు ఎక్కించే దగ్గరే వస్తుంది. యాప్ అపార్ట్‌మెంట్ పేరు అడుగుతుంది. విశాఖలో ‘సాయి’ అనే మాట లేని అపార్ట్‌మెంట్ పేరు కోసం వెతుక్కోవాలి. ఒకే పేటలో ఒకే పేరుతో రెండు భవనాలున్నా వింత లేదు. మనుషులు చిరునామా చెప్పేది ‘ఎన్ఏడీ దాటాక గుడి ఎదురు సందు’ అని. కరెంటు బిల్లు మీద ఉండే ఈపీడీసీఎల్ సర్వీస్ నంబరు అడిగితే ఈ గొడవ చాలావరకు తీరుతుంది, ఎందుకంటే ఆ నంబరు ఒక్క మీటరుకే చెందుతుంది.

తర్వాతి పేజీలో ‘నీటి సౌకర్యం’ అని ఐదు స్టార్లుంటాయి. బొటనవేలు స్టార్ల మీద అటూ ఇటూ తచ్చాడుతుంది. ‘ఏ నీళ్ళు? తాగేవా, వాడుకునేవా?’ అన్న ప్రశ్న వస్తుంది. తీరం దగ్గర బోరు నీళ్ళు ఉప్పగా ఉండొచ్చు, నగరపాలక సంస్థ (జీవీఎంసీ) కొళాయి నీళ్ళు బాగుండొచ్చు, అవి వచ్చే వేళకు ఇంట్లో ఎవరూ ఉండకపోవచ్చు. ఇన్నిటికీ కలిపి మూడు స్టార్లిస్తే చదివేవారికి తెలిసేది శూన్యం. స్టార్ల స్థానంలో చిన్న ప్రశ్నలు రావాలి. కొళాయి ఏ వేళకు వస్తుంది? బోరు నీళ్ళతో పప్పు ఉడుకుతుందా? వేసవిలో ట్యాంకర్ డబ్బు ఎవరిస్తారు? వన్‌టౌన్, జ్ఞానాపురం, మల్కాపురం లాంటి పోర్టు పక్క పేటల్లో బొగ్గు పొడి ఏళ్ళనాటి ఫిర్యాదు. అక్కడి ఇళ్ళకు ‘కిటికీ గట్టు రోజుకు ఎన్నిసార్లు తుడవాలి?’ అని అడిగితే ‘పరిసరాలు: 3/5’ కన్నా ఎక్కువ తెలుస్తుంది.

‘ఓనరు ప్రవర్తన’ అన్న గడి దగ్గర చాలామంది మౌనం వహిస్తారు, లేదా ‘మంచివారే’ అని రాసి తప్పుకుంటారు. దీన్ని బద్ధకంగా లెక్కగట్టకూడదు. అడ్వాన్స్ తిరిగి చేతికి రాకముందు ఎవరూ నోరు విప్పరు. రివ్యూ అడగాల్సింది ఇల్లు మారిన నెలా రెండు నెలలకు. ఫ్లాట్ నంబరు దాచి, ఒకే భవనం మీద మరికొన్ని రివ్యూలు చేరాక అన్నీ కలిపి చూపిస్తే, రాసిందెవరో పోల్చుకోవడం కష్టమవుతుంది. ప్రశ్న మార్చడం కూడా అవసరమే. ఓనరు ఎలాంటివాడని అడిగితే విశేషణాలు వస్తాయి. విశేషణాలు పరువు నష్టం కేసు దాకా పోవచ్చు. ‘పెయింటింగ్ పేరుతో అడ్వాన్స్‌లో ఎంత కోశారు?’ అని అడిగితే అంకె వస్తుంది.

రాసినవాళ్ళు నిజంగా అక్కడ ఉన్నారా అన్నది మిగిలిన చిక్కు. ఆన్‌లైన్ రివ్యూల కోసం భారత ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఐఎస్ 19000 ప్రమాణం తెచ్చింది. రాసేవారి గుర్తింపును సరిచూడాలని, డబ్బిచ్చి రాయించిన రివ్యూలు వేయరాదని అది చెబుతుంది. అక్కడ ఉన్నట్టు రుజువుగా యాప్ 11 నెలల అగ్రిమెంటు ఫొటో అడిగిందంటే, నోటిమాట మీద గది తీసుకున్న కార్మికుడు ఆ మెట్టు దగ్గరే ఆగిపోతాడు. కరెంటు బిల్లు ఓనరు పేరు మీదే ఉంటుంది కనుక అది సగం రుజువే. అద్దె యూపీఐలో పంపిన రసీదు కూడా ఒప్పుకుంటే ఎక్కువమంది గట్టెక్కుతారు.

దిద్దిన యాప్‌ను మళ్ళీ కొత్తవాళ్ళ చేతిలో పెట్టాలి. ఈసారి చదివించాలి. రెండు ఇళ్ళ రివ్యూలు చూపించి, దేనికి ఫోన్ చేస్తారో, ఎందుకో అడగాలి. ఇక్కడ తేదీ ముఖ్యం. ఏప్రిల్‌లో రాసిన రివ్యూకు చెమ్మ సంగతి తెలియదు. విశాఖను హుద్‌హుద్ తుఫాను తాకింది 2014 అక్టోబరు 12న; పై అంతస్తు ఎలా కురుస్తుందో, కిటికీలు ఎంత గట్టివో ఆ ఋతువులోనే తేలుతుంది. రాసినవాళ్ళు ఏ నెల నుంచి ఏ నెల దాకా ఆ ఇంట్లో ఉన్నారన్నది రివ్యూ తలమీదే కనిపించాలి. పరీక్షల్లో కనీసం ఒక విడత అయినా వానాకాలం వెళ్ళాక పెట్టుకోవాలి.