రాళ్లపై గాలం సరదా: ప్రాణాలకు కాపలా ఏదీ?

కార్తీక మాసం వచ్చిందంటే విశాఖపట్నం నుంచి భీమునిపట్నం దాకా సముద్రపు ఒడ్డున సందడి మొదలవుతుంది. వనభోజనాలకు వచ్చేవారు కొందరు, అరకు చూసి తిరిగి వెళుతూ తీరానికి దిగేవారు కొందరు. వీరితోపాటు చేతిలో గాలపు కర్ర, భుజాన సంచి తగిలించుకుని తెల్లవారకముందే రాళ్లమీదికి చేరేవారూ కనిపిస్తారు. వీరిది వేట వృత్తి కాదు, సరదా. ఎండ బాధ లేని చలికాలం అందుకు అనువైనదే. సంక్రాంతి దాటేసరికి సముద్రం కూడా చాలావరకు నెమ్మదిస్తుంది.

ఈ తీరంలో ఇసుకే ఎక్కువ. తూర్పు కనుమల కొండలు సముద్రం దాకా చొచ్చుకువచ్చిన చోట మాత్రం రాళ్లు తేలి ఉంటాయి. యారాడ కొండ పాదం, తెన్నేటి పార్కు దిగువన ఉన్న ఒడ్డు, తొట్లకొండ ఎదుట అలలు తొలిచిన రాతి తోరణం గల మంగమారిపేట ఇటువంటివే. రాళ్ల సందుల్లో పీతలు, రొయ్యలు, నత్తలు చేరతాయి. వాటికోసం పెద్ద చేపలు ఒడ్డుకు దగ్గరగా వస్తాయి. పడవ లేకుండానే పారనో, గులివిందనో పట్టవచ్చునన్న ఆశతో జనం రాళ్లెక్కుతారు. ఆ రాళ్లమీదే ప్రమాదం పొంచి ఉందన్న సంగతి చాలామందికి పట్టడం లేదు.

సముద్రాన్ని నమ్మరాదు

ఇసుక ఒడ్డున అల విరిగి, కాళ్లు తడిపి వెనక్కి పోతుంది. రాతి అంచున నీరు ఒక్కసారిగా లోతు. అక్కడ అల విరగకుండా వచ్చి రాతిని కొట్టి పైకి లేస్తుంది. వెనక్కి పోతూ మనిషిని ఈడుస్తుంది. అలలన్నీ ఒక్క తీరున రావు. చాలాసేపు చిన్నవి వచ్చి, ఆపైన మూడు నాలుగు పెద్దవి వరుసగా రావడం మామూలే. ఇక్కడ ఆకు కదలకపోయినా, ఎక్కడో నడి సముద్రంలో లేచిన అల రెండు మూడు రోజుల తర్వాత ఈ ఒడ్డుకు చేరవచ్చు.

పోటు, పాటుల సంగతీ అంతే. రోజుకు రెండేసిసార్లు వచ్చే ఈ మార్పు ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు మరింత ఎక్కువగా ఎక్కి దిగుతుంది. తెల్లవారుజామున పాటులో పొడికాళ్లతో నడిచి వెళ్లిన రాయి చుట్టూ కొద్ది గంటల్లోనే నీరు చేరుతుంది. తిరుగుదారిలో నాచు పట్టిన రాళ్లే మిగులుతాయి.

చలికాలమంతా సముద్రం ప్రశాంతంగా ఉంటుందనుకోవడమూ పొరపాటే. పెథాయ్ తుపాను కోస్తాను తాకింది 2018 డిసెంబరు 17న. మిచాంగ్ వచ్చింది 2023 డిసెంబరు 5న. 2020 అక్టోబరులో వాయుగుండం వేళ బంగ్లాదేశ్‌కు చెందిన ఓడ ఒకటి అలలకు కొట్టుకువచ్చి తెన్నేటి పార్కు దగ్గర రాళ్లలో చిక్కుకుంది. అంత ఓడకే నిలువలేకపోతే, తడి రాతిమీద చెప్పులతో నిలబడిన మనిషి ఎంత?

పిలుపు వచ్చేది ఊళ్లోకే

ఏ రాయి ఏ వేళకు మునుగుతుందో, ఏ సందులో సుడి ఉందో తీరగ్రామాల జాలర్లకు తెలుసు. కాని పట్నం నుంచి వచ్చిన కుర్రవాడు వారిని అడగడు. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన "అటు పోకు బాబూ" అన్నా, "మాకు తెలుసులే" అని సాగిపోతాడు. కాలు జారిన తర్వాత మాత్రం కేకలు ఊళ్లోకే వస్తాయి. అప్పుడు ఇంజను బోటు దించేదీ, చీకటి పడేదాకా వెతికేదీ ఆ ఊరి యువకులే. వారి డీజిలు ఖర్చు ఎవరిస్తారు? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు ఇంజను బోట్ల వేట ఎటూ నిషేధమే. అటువంటి కుటుంబాలకు ఒక్క రోజు వేట పోవడం కూడా చిన్న నష్టం కాదు.

గాలం సరదాను నిషేధిస్తే సరిపోతుందని కొందరి వాదన. అది కుదిరే పని కాదు. వద్దంటే చీకట్లో వెళతారు. వారివల్ల టీ దుకాణాలకు, ఎర అమ్మేవారికి నాలుగు డబ్బులు వస్తున్నమాటా కాదనలేము. కావలసింది జాగ్రత్త. ప్రతి రాతి తీరంలోనూ ఆ ఊరి పెద్దలను అడిగి, ఏ రాయి ఎప్పుడు ఎక్కరాదో తెలుగులో వివరంగా రాసిన బోర్డు పెట్టాలి. "ప్రమాదం" అన్న ఒక్క మాటతో ఎవరూ ఆగరు. పొడవైన తాడు, గాలి నింపిన ట్యూబులు మత్స్యకార సంఘం అధీనంలో ఉంచాలి. కార్తీకం నుంచి సంక్రాంతి వరకు ఊరి యువకులను కూలి ఇచ్చి కాపలా పెట్టాలి. వాహనాలు నిలిపేచోట వసూలయ్యే రుసుములో కొంత ఇందుకు కేటాయిస్తే చాలు. అలల తీవ్రతపై హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే హెచ్చరికలను ఊళ్లో మైకులో చెప్పించాలి.

సరదాకు వచ్చేవారికీ బాధ్యత ఉంది. రాయి ఎక్కేముందు పావుగంట నిలబడి అలలను చూడాలి. ఒంటరిగా పోరాదు. సముద్రానికి వీపు పెట్టరాదు. దారాన్ని చేతికి చుట్టుకోరాదు. గాలం రాతిలో ఇరుక్కుంటే దిగి తీయబోకుండా దారం తెంపుకోవాలి. తెగిన నైలాను దారాన్ని అక్కడే పారవేస్తే, గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వచ్చే తాబేళ్ల కాళ్లకు ఉరి అవుతుంది.

ఎవరైనా నీటిలో పడితే వెంట దూకరాదు. తాడు గాని, మూత బిగించిన ఖాళీ డబ్బా గాని విసరాలి. పడినవారు రాళ్లమీదికి ఎక్కాలని పెనుగులాడకుండా, వీలైనంత దూరంగా జరిగి తేలుతూ బోటు కోసం ఆగడం మేలు. వెంటనే 112కు గాని, కోస్ట్‌గార్డు నంబరు 1554కు గాని ఫోను చేయాలి.

ఇవేవీ కోట్లు ఖర్చయ్యే పనులు కావు. వచ్చే కార్తీకానికి ముందే బోర్డులు, తాళ్లు, కాపలా సిద్ధం చేయవలసిన బాధ్యత అధికారులది. ఊరి జాలరి మాటకు విలువ ఇవ్వవలసిన బాధ్యత గాలం పట్టి వచ్చే ప్రతి ఒక్కరిది.