పట్టాలో లేని పేరు

అమెరికా పడమటి మైదానములను సాగులోనికి తెచ్చినవారి కథ వినునపుడు మన కన్నులయెదుట నిలుచునది తుపాకి పట్టిన పురుషుడు, నాగలి పట్టిన పురుషుడు. స్త్రీ యెక్కడ నున్నది? గుడ్డకప్పు బండిలో, బిడ్డ నొడిలో నిడుకొని మౌనముగా కూర్చున్నది. ఈ చిత్రము అసత్యము కాదు, అసంపూర్ణము. ఉపాధ్యాయులు ఈ పాఠము చెప్పునపుడు ఆమెను బండినుండి దింపి, ఆమె చేసిన పని యేమో చూపవలెనని నా అభిప్రాయము.

కేరొలైన్ క్వైనర్ జీవితమునే తీసికొందము. ఆమె 1839లో విస్కాన్సిన్‌లో జన్మించెను. పసితనముననే తండ్రిని పోగొట్టుకొనెను. పదునాఱేండ్ల ప్రాయమున బడిలో పాఠములు చెప్పెను. 1860లో చార్లెస్ ఇంగల్స్‌ను వివాహమాడెను. భర్త కాలు నిలువని మనిషి. విస్కాన్సిన్, కాన్సస్, మిన్నెసోటా, అయోవా, డకోటా: ఇల్లు కట్టుట, విడుచుట, మరల కట్టుట. 1875 ప్రాంతమున మిన్నెసోటాలో మిడుతల దండు పంటను మ్రింగివేసెను. 1876లో ఏడాది నిండని కుమారుడు మరణించెను. 1879లో పెద్దకుమార్తె మేరీ వ్యాధివలన చూపు కోల్పోయెను.

1880-81 నాటి శీతకాలమున డకోటాలోని డి స్మెట్ గ్రామమునకు మంచువలన రైళ్ళు రాక నిలిచిపోయెను. బొగ్గు లేదు, ఎండుగడ్డిని మెలిపెట్టి కట్టెలవలె కాల్చిరి. పిండి లేదు, కాఫీగింజలు విసరు చిన్న మరలో గోధుమలు విసరి రొట్టె కాల్చిరి. ఆ మర ఒక్కనాడు ఆగినను ఇంటిల్లిపాదికి పస్తే. ఇది సాహసము కాదా? తుపాకి ఒక్కసారి ప్రేలును. తిరుగలి దినమెల్ల తిరుగవలెను.

ఇక చట్టము సంగతి. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టము ఐదేండ్లు నివసించి సాగుచేసినవారికి 160 ఎకరముల భూమి నిచ్చెను. అవివాహితలును, వితంతువులును దరఖాస్తు చేయవచ్చును. ఆ కాలమునకు అది గొప్ప మాటయే. కాని భర్తతో కాపురమున్న స్త్రీకి సాధారణముగా ఆ హక్కు లేదు. కష్టము ఇద్దరిది, పట్టా ఒక్కని పేర.

కాని పట్టాకంటె గొప్పది యొకటి ఆమె సాధించినది. భర్త ఇంకను పడమటికి పోదమనగా, పిల్లల చదువు చెడునని ఆమె అంగీకరింపలేదు. కుటుంబము డి స్మెట్‌లో నిలిచెను. చూపులేని మేరీ 1881లో అయోవా రాష్ట్రపు అంధుల కళాశాలలో చేరి, 1889లో చదువు ముగించెను. రెండవ కుమార్తె లారా ఉపాధ్యాయిని యయ్యెను. తన అఱువదియైదవ యేట, 1932లో, తన బాల్యకథలలో మొదటిది ప్రకటించి లోకప్రసిద్ధి పొందెను. కేరొలైన్ 1924లోనే మరణించినందున ఆ పుస్తకమును చూడలేదు. అయినను ఆ పుస్తకములకు మూలము ఆమె పట్టుదలయే.

ఇంతమాత్రముచే స్తోత్రపాఠము చదివి ఊరకుండరాదు. కాన్సస్‌లో ఇంగల్స్ కుటుంబము ఇల్లు కట్టుకొన్న నేల ఓసేజ్ జాతివారిది. వారు ఆ నేలను విడిచి, నేడు ఓక్లహోమా అనబడు ప్రాంతమునకు తరలిపోవలసి వచ్చెను. ఆ తల్లులును బిడ్డల నెత్తుకొనియే నడచిరి గదా! 1935లో వెలువడిన లారా నవలలో, ఆ ప్రదేశమున ఇండియనులు తప్ప మనుష్యులు లేరను భావము వచ్చునట్లు ఒక వాక్యముండెను. 1952లో ఒక పాఠకుని ఆక్షేపణ మీద, మరుసటి యేటి ముద్రణలో ‘మనుష్యులు’ అనుచోట ‘వలసవచ్చినవారు’ అను అర్థమిచ్చు మాట వేసిరి. ఒక్క మాట! కాని ఆ మాటలో ఒక జాతి మనుష్యత్వమే యిమిడియున్నది. భాషను బోధించు మనకు ఇంతకు మించిన పాఠ మేమున్నది?

కేరొలైన్ ధైర్యమును కొనియాడుటకు ఓసేజ్ స్త్రీని మఱవనక్కఱలేదు; ఓసేజ్ స్త్రీకి జరిగిన అన్యాయమును చెప్పుటకు కేరొలైన్ శ్రమను చిన్నబుచ్చనక్కఱలేదు. ఒకరి పేరు పట్టాకెక్కలేదు. ఒకరి నేలయే పోయినది. ఆ ఇరువురిని ఒకే పాఠమున కూర్చోబెట్టగల ఉపాధ్యాయుడే చరిత్ర చెప్పినవాడు. తక్కినవారు కథ మాత్రమే చెప్పినవారు.