మనిషి కాకపోయినా ‘వ్యక్తి’ కావచ్చు

రేపు క్యాంపస్ సెలక్షన్‌లో మీకు ఉద్యోగం వస్తే ఆఫర్ లెటర్ మీద హెచ్‌ఆర్ మేనేజర్ సంతకం ఉంటుంది. కానీ మీతో ఒప్పందం చేసుకునేది ఆయన కాదు, కంపెనీ. జీతం ఎగ్గొడితే మీరు కేసు వేసేది కూడా కంపెనీ మీదే. దానికి ఒళ్లు లేదు, ఆకలి లేదు, నొప్పి లేదు. అయినా చట్టం దాన్ని వ్యక్తిగా గుర్తిస్తుంది. ఊళ్లో గుడి మాన్యం సంగతీ అంతే. రెవెన్యూ రికార్డుల్లో ఆ భూమి ఉండాల్సింది స్వామివారి పేరునే. దేవతామూర్తి చట్టం దృష్టిలో వ్యక్తేనని మన దేశ కేసుల్లో 1925లోనే ప్రివీ కౌన్సిల్ కూడా చెప్పింది.

అంటే చట్టంలో ‘వ్యక్తి’ వేరు, ‘మనిషి’ వేరు. ఈ తేడా తెలిస్తేనే అసలు ప్రశ్న అర్థమవుతుంది. చింపాంజీ, గొరిల్లా, బొనోబో, ఒరాంగుటాన్‌లను చట్టం వ్యక్తులుగా గుర్తించాలా? గ్రూప్ డిస్కషన్‌లో ఈ టాపిక్ ఇస్తే, ‘రేపు వాటికి ఓటు హక్కు కూడా ఇస్తారా’ అని ఎవరో ఒకరు నవ్విస్తారు. ఎవరూ అది అడగడం లేదు. కారణం లేకుండా బంధించకూడదు, హింసించకూడదు, వాటి తరఫున కోర్టుకు వెళ్లే దారి ఉండాలి. అడుగుతున్నది ఇంతే.

ఇది ఊహ కాదు, జరిగిన సంగతే. అర్జెంటీనాలోని మెండోజా జూలో సిసిలియా అనే చింపాంజీ ఉండేది. తోటి చింపాంజీలు రెండూ చనిపోయాక సిమెంటు ఎన్‌క్లోజర్‌లో ఒంటరిగా మిగిలిపోయింది. మనుషుల అక్రమ నిర్బంధం మీద వేసే హెబియస్ కార్పస్ పిటిషన్‌ను దాని తరఫున వేశారు. 2016 నవంబరులో జడ్జి మరియా అలెహాండ్రా మౌరీసియో దాన్ని అనుమతించారు. 2017లో సిసిలియాను బ్రెజిల్‌లోని సొరొకాబా సంరక్షణ కేంద్రానికి తరలించారు.

అమెరికాలో కథ అడ్డం తిరిగింది. టామీ అనే చింపాంజీ కేసులో న్యూయార్క్ అప్పీలు కోర్టు 2014లో పిటిషన్ కొట్టేసింది. బాధ్యతలు మోయలేని ప్రాణికి ఇలాంటి హక్కులు ఉండవన్నది దాని వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది. మరి పసిపిల్లలకు ఏ బాధ్యతలున్నాయి? వారు బాధ్యతలు మోసే మనుషుల్లో భాగమే కదా అని కోర్టు సమాధానం. అప్పుడు హక్కుకు ఆధారం బాధ్యత కాదు, పుట్టిన జాతి అని ఒప్పుకోవాల్సి వస్తుంది. 2018లో ఇదే వివాదాన్ని విచారణకు తీసుకోవడానికి ఆ రాష్ట్ర అత్యున్నత కోర్టు ఒప్పుకోలేదు. అందులోని జడ్జి యూజీన్ ఫాహీ మాత్రం విడిగా తన అభిప్రాయం రాశారు. చింపాంజీ ‘వ్యక్తి’ కాదని వాదించవచ్చేమో గానీ, అది ఉత్త వస్తువు కాదనడంలో అనుమానం లేదన్నది దాని సారాంశం.

‘జంతుహింస చట్టాలు ఉన్నాయి కదా, ఇదంతా ఎందుకు?’ అని మీరు అడగొచ్చు. మన 1960 నాటి చట్టమే చూడండి. దాని 11వ సెక్షన్ కింద మొదటిసారి తప్పు చేస్తే జరిమానా 10 నుంచి 50 రూపాయలు. మీరు ఒక్క పరీక్షకు కట్టే దరఖాస్తు ఫీజు అంతకంటే ఎక్కువ. పైగా హింస చట్టం కొట్టినవాడిని శిక్షిస్తుందే తప్ప బోను తలుపు తీయదు. సిసిలియా గోడు ఎవరో కొట్టారని కాదు, ఏళ్ల తరబడి ఒంటరి బందీగా ఉండటం.

మన కోర్టులు ఈ విషయంలో ముందుకూ వెనక్కూ నడిచాయి. జీవించే హక్కు ఇచ్చే 21వ అధికరణంలోని ‘జీవితం’ జంతువులకూ వర్తిస్తుందని 2014 జల్లికట్టు తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు జంతువులన్నింటినీ చట్టబద్ధ వ్యక్తులుగా ప్రకటించింది. 2023లో రాజ్యాంగ ధర్మాసనం మాత్రం జంతువులకు ప్రాథమిక హక్కులు ఇవ్వడానికి సుముఖత చూపలేదు. సివిల్స్‌కో, గ్రూప్స్‌కో, లాసెట్‌కో చదువుతున్నవారు ఈ మూడింటినీ కలిపి చదవండి. ఒక్కటే చదివితే సగమే తెలుస్తుంది.

‘మాకే దిక్కులేదు, కోతులకు హక్కులా?’ అనే మాట కూడా వస్తుంది. ఏళ్లుగా నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నవారి నోట ఆ మాట వస్తే తప్పుపట్టలేం. కానీ హక్కులు సీట్ల కోటా కాదు, ఒకరికిస్తే ఇంకొకరికి తగ్గడానికి. చింపాంజీని బోనులోంచి బయటికి పంపినంత మాత్రాన ఎవరి ఉద్యోగమూ పోలేదు.

అసలు చిక్కు వేరే ఉంది. స్వామివారు వ్యక్తే, మాన్యం ఆయనదే. అయినా ఆలయ భూములు ఎలా కబ్జా అవుతున్నాయో మీకు తెలియంది కాదు. పేరు స్వామిది, కాపాడాల్సింది మనుషులు. వాళ్లు నిద్రపోతే హక్కు కాగితం మీదే మిగులుతుంది. బ్యూనస్ ఎయిరిస్ జూలోని శాండ్రా అనే ఒరాంగుటాన్‌ను అక్కడి కోర్టు 2014 డిసెంబరులో హక్కులున్న ప్రాణిగా గుర్తించింది. అది ఫ్లోరిడాలోని సంరక్షణ కేంద్రానికి చేరింది మాత్రం 2019లో. తీర్పు వచ్చాక కూడా కొత్త చోటు, వైద్యం, ప్రయాణం, ఖర్చు అన్నీ ఎవరో ఒకరు చూడాలి కదా.

అందుకే మా మాట ఇది. ఈ నాలుగు రకాల వానరాలకు చట్టబద్ధ వ్యక్తిత్వం ఇవ్వాలి, కానీ హద్దులు గీసి ఇవ్వాలి. అకారణ నిర్బంధం, హింస నుంచి రక్షణ, ఈ రెండు హక్కులు చాలు. వాటి తరఫున కోర్టు నియమించిన సంరక్షకుడు ఉండాలి, ఆయన ఏటా కోర్టుకు లెక్క చెప్పాలి. ‘వీటికే ఎందుకు, ఏనుగుకు ఎందుకు వద్దు?’ అంటే, అదీ అడగాల్సిన ప్రశ్నే. ఆధారాలు బలంగా ఉన్నచోట మొదలుపెట్టి ముందుకు వెళ్లడం న్యాయమే.

మీరు మాతో ఏకీభవించక్కర్లేదు. రేపు ఇంటర్వ్యూ బోర్డు ముందు ‘వద్దు’ అని చెప్పినా తప్పులేదు. కానీ ఏ హక్కు గురించి మాట్లాడుతున్నారో, దాన్ని ఎవరు కాపాడాలో, ఖర్చు ఎవరు పెట్టాలో తేల్చుకుని చెప్పండి. కంపెనీని వ్యక్తిగా ఒప్పుకున్న చట్టం సిసిలియాను ఎందుకు ఒప్పుకోకూడదన్న దానికి మీ దగ్గర ఒక సమాధానం ఉండాలి.