డెబ్బై ఏళ్ల మాట కత్తిరించిన కార్డు

మా పిన్ని జ్ఞాపకార్థ కూడికలో ఒక పెద్దమనిషి మైకు అందుకుని, "మన సహోదరి వాగ్దానం అందుకుంది గాని చివరిదాకా పట్టుకోలేకపోయింది" అన్నాడు. నాలుగు వైపుల నుంచీ "ఆమెన్" వచ్చింది. అలవాటు కొద్దీ అన్నారో, అర్థమయ్యే అన్నారో తెలియదు. పిన్ని కూతురు మాత్రం తల దించుకుంది. తల్లి పోయిందన్న దుఃఖం చాలనట్టు, తల్లి తన తప్పు వల్లే పోయిందని కూడా వినాల్సి వచ్చిన పిల్ల ఇంకేం చేస్తుంది? ఆ పెద్దమనిషే తర్వాత భోజనాల దగ్గర రెండోసారి పప్పు వేయించుకుంటూ నాతో, "ఎప్పుడూ పాజిటివ్‌గా ఉండాలి తమ్ముడూ" అన్నాడు. ఆ పప్పు గరిటె నా చేతిలో ఉండి ఉంటే... సరే, అది రాయకూడదు.

వాగ్దానం సంగతేమిటంటే, డిసెంబరు 31 రాత్రి పన్నెండు కొట్టగానే మా గుడిలో ఒక బుట్ట తిప్పుతారు. అందులో చుట్టిపెట్టిన కార్డులుంటాయి. ఒక్కొక్కరూ కళ్లు మూసుకుని ఒకటి తీసుకోవాలి. అదే ఆ ఏటి వాగ్దానం. పిన్నికి వచ్చింది 91వ కీర్తన చివరి వచనం, దీర్ఘాయువును గురించినది. అప్పటికే ఆమెకు వారానికి రెండు డయాలసిస్‌లు నడుస్తున్నాయి. కార్డు చదివి ఇంటిల్లిపాదీ ఏడ్చారు, ఆనందంతో. మార్చిలో పోయింది. ఆ మార్చి నుంచి కార్డు మీద ఎవరికీ అనుమానం రాలేదు, పిన్ని మీదే వచ్చింది.

నా కోపం ఇంకా తగ్గలేదు, అందుకే రాస్తున్నాను.

ఇప్పుడు మన క్రైస్తవ ఇళ్లలో విశ్వాసమంటే హుషారు అని అర్థం. ఆదరణంటే పొద్దున అయిదింటికి ఫోన్‌లో దిగే వచనం. దాని వెనక సూర్యోదయం, మంచు బిందువులున్న గులాబీలు, మనలో ఎవరూ చూడని స్విట్జర్లాండ్ కొండలు. కందుకూరు చెరువు గట్టు మీద ఒక్క వచనమైనా అచ్చయిందేమోనని నేను వెతుకుతూనే ఉన్నాను. జ్వరం వస్తే జ్వరమని అనకూడదట, "నెగెటివ్ మాట" అట. అప్పుల్లో ఉన్నానని ప్రార్థన విన్నపంలో చెప్పుకోకూడదట, "ఐశ్వర్యాన్ని ఒప్పుకోవాలి" అట. కీర్తనకారుడికి ఎవరూ ఈ సంగతి చెప్పలేదు పాపం. 88వ కీర్తన మొదలు నుంచి చివరి దాకా ఏడుపే. చివర్లోనైనా తేరుకుంటాడేమో అని చూస్తే, చీకటి అనే మాటతో ముగిస్తాడు. ఆ కీర్తన ఏ బుట్టలోనూ పడదు.

ఈ కార్డులన్నిటికీ రాజు యిర్మీయా 29:11. పేరు కూడా అక్కర్లేదు, "ఇరవై తొమ్మిది పదకొండు" అంటే చాలు. పెళ్లి శుభలేఖ మీద, ఆటో వెనక అద్దం మీద, ఇంటర్ పరీక్షల ముందు హాల్ టికెట్ మీద అదే. దేవుడు మన విషయంలో ఆలోచించేది సమాధానం గురించే, మనకు రాబోయే కాలముంది, నిరీక్షణ ఉంది, అని దాని సారం. మంచి మాట. కానీ దాని పై వచనం ఎవరైనా చదివారా?

పై వచనంలో ఒక లెక్క ఉంది. డెబ్బై ఏళ్లు.

అది ఉత్తరం. క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు యెరూషలేము నుంచి రాజును, పనివాళ్లను, కమ్మరులను బబులోనుకు పట్టుకుపోయాడు. అక్కడ ఆ జనం మూటలు విప్పకుండా కూర్చున్నారు, ఇవాళో రేపో తిరిగి వెళ్లిపోతామని. వాళ్లకు యిర్మీయా యెరూషలేము నుంచి ఉత్తరం రాశాడు. ఇళ్లు కట్టుకోండి. తోటలు వేసుకుని వాటి పళ్లు తినండి. పిల్లలకు పెళ్లిళ్లు చేయండి. మిమ్మల్ని చెరపట్టిన ఆ ఊరి క్షేమం కోసమే ప్రార్థించండి. డెబ్బై ఏళ్ల తర్వాత తీసుకొస్తాను అంటున్నాడు దేవుడు. అంటే ఉత్తరం విన్న నడివయసు మనిషికి, "నువ్వు ఇక్కడే పోతావు, నీ మనవడు వెళ్తాడు" అని అర్థం. ఆ మాట అయ్యాకే పదకొండో వచనం వస్తుంది. ఇప్పుడు దాన్ని హాల్ టికెట్ మీద రాసుకోండి.

ఈ ఉత్తరానికి ముందు అధ్యాయం ఇంకా బాగుంటుంది. యిర్మీయా మెడ మీద కొయ్య కాడి వేసుకుని తిరుగుతున్నాడు, బబులోను కాడి కింద తల వంచక తప్పదని చూపించడానికి. అప్పుడు గిబియోను ఊరివాడు హనన్యా దేవాలయంలో జనం మధ్య లేచి, రెండేళ్లలో అంతా అయిపోతుందన్నాడు. పాత్రలు తిరిగొస్తాయి, రాజు తిరిగొస్తాడు, చెరపోయినవాళ్లంతా తిరిగొస్తారు అన్నాడు. యిర్మీయా ఏమన్నాడో తెలుసా? ఆమెన్ అన్నాడు! దేవుడు అలాగే చేయుగాక అన్నాడు. ఆ మాట నిజమైతే అందరికంటే సంతోషించేది అతనే. కానీ సమాధానం ప్రకటించే ప్రవక్త సంగతి, ఆ మాట నెరవేరినప్పుడే తేలుతుంది అని కూడా అన్నాడు. హనన్యా ఊరుకున్నాడా? యిర్మీయా మెడ మీది కాడిని లాగి విరగ్గొట్టాడు. జనం చప్పట్లు కొట్టారని బైబిలులో లేదు గాని, మన కూడికలు చూసినవాడిగా నాకు వాటి చప్పుడు వినిపిస్తూనే ఉంది. కొయ్య కాడి పోయి ఇనుప కాడి వస్తుందన్నాడు యిర్మీయా తర్వాత. హనన్యా ఆ ఏడాది ఏడో నెలలో చనిపోయాడు. అయిదో నెలలో చెప్పిన మాట, ఏడో నెలలో చావు. మధ్యలో రెండు నెలలే.

మన బుట్టల్లో అచ్చు యిర్మీయాది, సరుకు హనన్యాది. డెబ్బై ఏళ్ల మాటను కత్తెరతో కత్తిరించి మిగిలినదాన్ని చేతిలో పెడుతున్నాం. డిసెంబరు 31 నుంచి డిసెంబరు 31 దాకా అని గడువు కూడా మనమే వేస్తున్నాం. హనన్యా కనీసం రెండేళ్లు అడిగాడు.

91వ కీర్తన సంగతి కూడా చెప్పనివ్వండి, పిన్నికి వచ్చింది అదే కాబట్టి. ఆ కీర్తనలో ఒక వచనాన్ని విడదీసి, "ఇదుగో నీకు వాగ్దానం, దీన్ని పట్టుకుని దూకు" అన్నవాడు ఒకడున్నాడు. దేవాలయ శిఖరం మీద నిలబడి అన్నాడు. మత్తయి నాలుగో అధ్యాయంలో అతని పేరు ఉంది, ఇక్కడ నేను వేరే రాయక్కర్లేదు. యేసు దూకలేదు. మా గుడిలో అయితే దూకనందుకు ఆయన మీద కూడా విశ్వాసం చాలలేదని నింద వేసేవారు.

ఇక పక్షిరాజు. దాన్ని వదిలిపెట్టి ముందుకు పోదామనుకున్నాను, చేతకావడం లేదు. నలభై ఏళ్లకు పక్షిరాజు ముక్కు వంగిపోతుందట, కొండ మీదికెళ్లి రాతికి కొట్టుకుని ఆ ముక్కు ఊడగొట్టుకుంటుందట, కొత్త ముక్కు మొలిచేదాకా నూట యాభై రోజులు కూర్చుంటుందట, తర్వాత ఇంకో ముప్పై ఏళ్లు బతుకుతుందట. ఈ కథ నాకు ఏడాదికి ఆరుసార్లు వస్తుంది, కింద యెషయా 40వ అధ్యాయం రిఫరెన్సుతో. పదో తరగతి వాళ్ల ప్రత్యేక కూడికలో పుల్‌పిట్ మీది నుంచి కూడా విన్నాను. ముక్కు లేని పక్షి అయిదు నెలలు ఏం తింటుందని అక్కడ ఒక్క పిల్లాడూ అడగలేదు. ముక్కు ఊడగొట్టుకున్న పక్షిరాజు ఆకలితో చస్తుంది, అంతే. సత్యమే మార్గమని చెప్పే జనం పొద్దున్నే ఇంత పచ్చి అబద్ధం మీద నుంచి ధైర్యం తెచ్చుకోవడమేమిటి? ఆ అధ్యాయంలో రెక్కల తర్వాత పరుగు, పరుగు తర్వాత నడక వస్తాయి. సొమ్మసిల్లకుండా నడవడం చివరన ఉంది. అయిదున్నరకి లేచి ఆసుపత్రికి వెళ్లే మనిషికి కావలసింది ఆ నడక. దాని మీద బొమ్మ వేసిన కార్డు నేనింతవరకు చూడలేదు.

"ఒక్క వచనమైనా చదువుతున్నారు కదా, అదే మేలు" అంటారు. మందు చీటీలో ఒక్క మాత్ర పేరు చదివి మిగతాది చింపేస్తే మేలా? చాలు.

చీటీ తీయడం కొత్త పాపమేమీ కాదు, అది ఒప్పుకుంటాను. జర్మనీలో హెర్న్‌హూట్ దగ్గర మొరేవియన్ విశ్వాసులు రోజుకొక వచనం చొప్పున చీట్లు తీసి 1731 నుంచి పుస్తకంగా అచ్చేస్తూనే ఉన్నారు. కానీ ఆ వచనం ఆ రోజు ఊరందరికీ ఒక్కటే. బాగున్నవాడికీ అదే, చావబోతున్నవాడికీ అదే. "నా వాగ్దానం" అని ఎవరూ ఫ్రేము కట్టించుకోలేదు. ఇక మెథడిస్టుల నిబంధన ఆరాధన చూడండి. 1755లో జాన్ వెస్లీ లండన్‌లో మొదలుపెట్టింది, తర్వాత కొత్త సంవత్సరం ఆరాధనగా స్థిరపడింది. అందులో మనిషి దేవుడి దగ్గర ఏమీ తీసుకోడు. నన్ను పనికి పెట్టు, శ్రమకు పెట్టు, నింపినా సరే, ఖాళీ చేసినా సరే అని తానే మాటిస్తాడు. ఆ ప్రార్థన మా గుడిలో పెడితే జనవరి రెండో తారీకుకి సగం జనం పక్క గుడిలో ఉంటారు.

అంత దూరం ఎందుకు, మాది ఒంగోలు పక్క. ఒంగోలు ప్రార్థనా కొండ మీద 1854 జనవరి 1 తెల్లవారుజామున అయిదుగురు మోకరించారు: మిషనరీలైన జూవెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు. అమెరికాలో వాళ్ల మిషను మూసేద్దామా అని చర్చ జరిగి అప్పటికి ఏడాదైనా కాలేదు. ఒంగోలుకు ఒక మనిషిని పంపమని ఆ అయిదుగురూ దేవుణ్ణి అడిగారు. మిషనరీ క్లౌ దొర ఒంగోలు చేరింది 1866లో. పన్నెండేళ్లు! ఆ అయిదుగురూ ఆ ఏడాది డిసెంబరులో, "మా వాగ్దానం నెరవేరలేదు, విశ్వాసం సడలింది" అనుకుని ఉంటే ఇవాళ నేను ఈ వ్యాసం రాయను, ఆ పెద్దమనిషికి పప్పూ ఉండదు.

1876లో కరువు వచ్చింది. సర్వే పని తెలిసిన క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. బాప్తిస్మం ఇమ్మని వేలమంది అడిగారు. కూలి నడుస్తున్నంతకాలం, ఏడాదికి పైగా, ఆయన ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారన్న మాట పడకూడదని. అంతా ముగిశాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మనవాళ్లు ప్రతి జూబిలీలోనూ చెబుతారు. ఆపిన ఏడాది సంగతి చెప్పరు. అన్నం పెడుతూ కూడా అన్నం పేరు మీద విశ్వాసం వద్దన్నాడు ఆయన. మనం అన్నం పెట్టకుండానే అన్నం పేరు చెప్పి విశ్వాసం పంచుతున్నాం, అదీ కార్డుల మీద.

మరి ఏం చేయమంటావు అని అడుగుతారు. నా దగ్గర పథకమేమీ లేదు. హెబ్రీయులకు రాసిన పత్రికలో మూడో అధ్యాయం "ప్రతిదినమూ ఒకరికొకరు..." అంటుంది. కొన్ని ఇంగ్లీషు బైబిళ్లు అక్కడ ప్రోత్సాహం అని రాసుకుంటే, మన పాత తెలుగు బైబిలు బుద్ధి చెప్పుకోమంది. నాకు ఆ అనువాదకుడి మీద గౌరవం. బుద్ధి చెప్పాలంటే ఎదుట కూర్చోవాలి, ఫార్వర్డు కొడితే కుదరదు. మన్నా కూడా అంతే. రేపటికి దాచుకున్నవాళ్ల కుండల్లో పురుగులు పడ్డాయి. ఏడాది మొత్తానికి సరిపడా ఆదరణ జనవరి ఒకటినే కట్ట కట్టి ఇస్తే అందులో ఏం పడుతుందో మార్చిలో చూశాం.

మా అమ్మమ్మ బైబిలు స్త్రీ. వాక్యం చెప్పడానికి పల్లెలకు నడిచి వెళ్లేది. బిడ్డను పోగొట్టుకున్న ఇంట్లో వచనం చెప్పేది కాదు. చేటలో మునగాకు పోసుకుని ఒలుస్తూ కూర్చునేది. అవతలి మనిషి కూడా కాసేపటికి చెయ్యి వేసేది. వెళ్లేముందు ఒక పాట, ఒక చిన్న ప్రార్థన. అంతకంటే పద్ధతి నాకు తెలియదు. దాన్ని వాట్సాప్‌లో ఎలా పెట్టాలో అసలే తెలియదు.

కూడిక అయ్యాక పిన్ని బైబిలు నాకిచ్చారు. కార్డు యిర్మీయా దగ్గర లేదు, కీర్తనల దగ్గరా లేదు. యోబు గ్రంథం మధ్యలో ఉంది. ముందు వైపు గులాబీలు, బంగారు రంగు అక్షరాలు. వెనక వైపు పిన్ని రాసుకుంది, పెన్సిలుతో: "మంగళ, శుక్ర, 5.30 ఆటో. పక్క బెడ్ అమ్మాయికి ఇడ్లీ."