బానెట్ తెరుచుకోకపోతే ముందు ఫోన్ తీయండి

కంపెనీ పికప్ నడిపే అన్నలకు, తమ్ముళ్లకు ఈసారి నా మాట. మీ బండి బానెట్ ఇరుక్కుపోయి, లివర్ ఎంత లాగినా తెరుచుకోవట్లేదనుకోండి. అప్పుడు మీ చెయ్యి మొదట దేని మీదికి పోతుంది? స్క్రూడ్రైవర్ మీదికి. మనవాళ్లలో పదిమందిలో తొమ్మిదిమంది అంతే. ఊళ్లో మోటారు పాడైతే విప్పినోళ్లం, ట్రాక్టరు ఆగితే తోసినోళ్లం, ఈ బానెట్ ఎంత! పైగా ఫోర్‌మన్ భుజం తట్టి "నువ్వుంటే గ్యారేజ్ అక్కర్లేదు" అంటే మనకు కడుపు నిండిపోతుంది.

నాకు ఆ పొగడ్త నచ్చదు. అది ఎంత ఖరీదో గత ఆగస్టులో చూశాను.

జగిత్యాల వైపు తమ్ముడొకడు షార్జాలో ఒక మెయింటెనెన్స్ కంపెనీలో డ్రైవరు. జీతం 1,500 దిర్హాలు. పాత హైలక్స్. ఒకరోజు పొద్దున బానెట్ తెరుచుకోలేదు. ఫోర్‌మన్‌కు నోటితో చెప్పాడు. "రేపు చూద్దాం, ఇవాళ సైటుకు పో" అన్నాడాయన. ఆ రేపు వారమైనా రాలేదు. బానెట్ తెరుచుకోకపోతే రేడియేటర్‌లో నీళ్లు చూడలేం, ఇంజన్ ఆయిల్ చూడలేం. ఎనిమిదో రోజు అల్ ఐన్ దారిలో టెంపరేచర్ ముల్లు పైకి లేచింది. పక్కకు ఆపేలోపే ఇంజన్ హెడ్ గాస్కెట్ పోయింది. కంపెనీ రిపేరు ఖర్చులో 1,500 అతని మీద రాసింది. ఆ నెల జీతంలోనే 900 కోసి, మిగతా 600 వచ్చే నెల అంది. ఆ నెల ఇంటికి పంపడానికి ఏమీ మిగల్లేదు. "నీళ్లు చూసుకోవడం డ్రైవర్ పని కాదా?" అని మేనేజర్ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. "బానెట్ పనిచేయట్లేదని చెప్పాను" అన్నది మనవాడి జవాబు. ఎవరికి చెప్పావ్, ఎప్పుడు చెప్పావ్ అంటే చూపించడానికి ఏమీ లేదు. ఫోర్‌మన్ నాకు గుర్తులేదు అన్నాడు.

నేను బి.కాం. చదివినవాణ్ని, లెక్కలు చూడటం అలవాటు. ఈ దేశపు కార్మిక చట్టం, అంటే 2021 నాటి 33వ నంబరు ఫెడరల్ చట్టం, 25వ ఆర్టికల్‌లో జీతం నుంచి ఏవేవి కోయొచ్చో రాసి ఉంది. కార్మికుడి తప్పు వల్లో, యజమాని చెప్పింది వినకపోవడం వల్లో కంపెనీ వస్తువు పాడైతే కోయొచ్చు. కానీ నెలకు ఐదు రోజుల జీతం దాటకూడదు. దాటాలంటే కోర్టు ఒప్పుకోవాలి. 1,500 జీతానికి రోజుకు 50. ఐదు రోజులకు 250. మరి 900 ఎలా కోశారు? ఇంకో సంగతి, "డ్యామేజ్" అనకుండా "ఫైన్" అని రాసే కంపెనీలూ ఉన్నాయి. ఫైన్‌కు హద్దు ఇంకా తక్కువ, జీతంలో 5 శాతం. అందుకే కోత పడితే అది ఏ పేరుతో పడిందో ముందు అడగండి.

కార్మిక శాఖలో ఫిర్యాదు పెట్టాం. 650 తిరిగొచ్చాయి. ఇకనుంచి నెలకు 250 చొప్పున కోయడానికి కంపెనీ ఒప్పుకుంది. మొత్తం మాఫీ ఎందుకు కాలేదంటారా? తప్పు మనవాడిది కాదని చూపించే కాగితం ముక్క కూడా లేదు కాబట్టి. నన్ను అడిగితే అక్కడే ఓడిపోయాం. ముందే ఒక్క మెసేజ్ ఉండుంటే చర్చంతా వేరేగా నడిచేది.

కాబట్టి లివర్ లాగగానే తెరుచుకోకపోతే ముందు ఫోన్ తీయండి. బండి నంబరు కనపడేలా ఒక ఫోటో, లివర్ లాగుతున్న చిన్న వీడియో ఒకటి. ఫోర్‌మన్‌కు వాట్సాప్‌లో పెట్టండి. వాయిస్ మెసేజ్ ఒక్కటే చాలదు, రాయండి. ఇంగ్లీషు రాకపోతే ఫోర్‌మన్‌కు అర్థమయ్యే హిందీలోనే, "బానెట్ నహీ ఖుల్ రహా, పానీ ఔర్ ఆయిల్ చెక్ నహీ హో రహా, గాడీ చలావూఁ క్యా?" ఆ చివరి ప్రశ్న మరిచిపోకండి. నడపమని ఆయన జవాబిస్తే ఆ బాధ్యత ఆయన మాటలోనే ఉంటుంది. జవాబివ్వకపోయినా మీరు చెప్పిన తేదీ, టైము మీ ఫోన్‌లో ఉంటాయి.

ఇక చెయ్యి పెట్టడం సంగతి. పెట్టొద్దని నేననను, మెల్లగా పెట్టండి అంటాను. లోపలి లివర్ నుంచి ఒక ఉక్కు వైరు రేడియేటర్ ముందున్న లాక్ దాకా పోతుంది. మన ఇసుక దుమ్ము పాత గ్రీజుతో కలిసి అక్కడ ముద్దలా గడ్డకడుతుంది, సముద్రపు తేమకు తుప్పు పడుతుంది. వైరు లాగినా లాక్ కదలదు. ఇద్దరుంటే పని సులువు. ఒకరు లోపల లివర్ లాగి పట్టుకోవాలి. ఇంకొకరు బయట, బానెట్ ముందు అంచు మధ్యలో అరచేతులతో కిందికి నొక్కి వదలాలి. గ్లవ్స్ వేసుకోండి, రేకు కాలిపోతుంది. నొక్కినప్పుడు కొక్కెం మీద బరువు తగ్గి లాక్ వదులుతుంది. చాలాసార్లు దీంతోనే అయిపోతుంది. గుద్దకండి, రేకు సొట్టపడితే దానికీ లెక్క రాస్తారు.

లివర్ బిగువు లేకుండా ఊరికే వచ్చేస్తోందా? వైరు తెగి ఉంటుంది, లేదా క్లిప్ నుంచి జారి ఉంటుంది. లివర్ దగ్గర వైరు కొస కనపడితే ప్లయర్‌తో పట్టి లాగి చూడొచ్చు. అక్కడితో ఆగండి. ముందు జాలీలోంచి పొడుగు స్క్రూడ్రైవర్ దూర్చి లాక్ నెట్టే విద్య మనవాళ్లకు బాగా తెలుసు, యూట్యూబ్‌లోనూ చూపిస్తారు. దాని వెనకే ఏసీ కండెన్సర్, రేడియేటర్ ఉంటాయి. వాటి రేకులు చాలా పలచన. ఒక్క పోటు తగిలిందంటే చిన్న లాక్ పని పోయి పెద్ద బిల్లు మీ పేరు మీద కూర్చుంటుంది. అది గ్యారేజ్ వాడి పని, వాడు చేస్తే తప్పు కూడా వాడిదే.

తెరుచుకుంటే వెంటనే మూసేయకండి. లాక్ మీద తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, పాత గ్రీజు తుడిచి, కొత్తది రాయండి. బానెట్ పైకి ఉండగానే స్క్రూడ్రైవర్‌తో లాక్‌ను మూసి, లివర్ లాగి చూడండి. అది రెండు మూడుసార్లు సరిగ్గా వదిలాకే బానెట్ దించండి. లాక్ సరిగ్గా పడక, రెండో కొక్కెం మీదే బానెట్ నిలబడి ఉంటే బండి కదపకండి. ఎమిరేట్స్ రోడ్డు మీద స్పీడులో అది లేచి అద్దం మీద పడితే ముందు ఏముందో కనపడదు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో బయట పని చేయించకూడదన్న రూలు ఉంది కదా. ఎండలో నిలబడి బానెట్‌తో కుస్తీ పట్టడం కూడా పనే.

"అన్నా, ఇలా రాసి పెడుతూ పోతే ఫోర్‌మన్ ఊరుకుంటాడా, ముసలి బండ్లన్నీ నాకే ఇస్తాడు" అని ఒక తమ్ముడు అడిగాడు. ఇవ్వొచ్చు. కార్మిక శాఖలో ఫిర్యాదు చేసినందుకు ఉద్యోగం తీసేస్తే అది అక్రమమని 47వ ఆర్టికల్ అంటుంది, మూడు నెలల జీతం దాకా పరిహారం రావొచ్చు. కానీ ముఖం ముడుచుకోవడానికి ఏ ఆర్టికల్ అడ్డం రాదు. అందుకే మర్యాదగా రాయండి. ఫిర్యాదులా కాదు, కబురులా. బండి బాగుంటే కంపెనీకే లాభం, తెలివైన ఫోర్‌మన్‌కు అది అర్థమవుతుంది.

ఇళ్లలో పనిచేసే డ్రైవర్లు, వంటపని చేసే అక్కచెల్లెళ్లు ఒక మాట గమనించాలి. మీకు వర్తించేది వేరే చట్టం, 2022 నాటి 9వ నంబరుది. పైన చెప్పిన ఐదు రోజుల లెక్క మీకు అంటించుకోవద్దు. వాషింగ్ మెషిన్ పాడైందని జీతం ఆపితే మీ కేసు మాకు విడిగా చెప్పండి, లేదా దుబాయ్‌లోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 80046342కు ఫోన్ చేయండి. ఫోటో తీసి, రాసి పెట్టే అలవాటు మాత్రం మీకూ పనికొస్తుంది.

ఆ తమ్ముడి చివరి 250 జనవరి జీతంలో కోత పడింది. పోయిన వారం నాకొక ఫోటో పంపాడు. ఈసారి వైపర్ తిరగట్లేదట. కింద రాశాడు, "అన్నా, ఫోర్‌మన్‌కు నిన్ననే పెట్టిన, బ్లూ టిక్ పడ్డది."