ముఖానికి నప్పే కళ్లజోడు

2018 ఆగస్టు 15న మొదలైన తెలంగాణ ప్రభుత్వ కంటి వెలుగు పథకం, 2023 జనవరి 18న ఖమ్మంలో మొదలైన దాని రెండో విడత ఊరూరా కళ్లు పరీక్షించి ఉచితంగా జోళ్లు ఇచ్చాయి. పాలకీడు లాంటి మారుమూల మండలాలకు అది పెద్ద మేలు. అయినా కొన్ని జోళ్లు గూట్లోనే ఉండిపోతాయి. "పెట్టుకుంటే మొహం బాగుండదు" అంటారు. ఆ మాటను కొట్టిపారేయకూడదు.

మిర్యాలగూడకో కోదాడకో వెళ్లి కొనుక్కునేవాళ్లు తొందరపడొద్దు. గుండ్రటి ముఖానికి మూలలున్న ఫ్రేము, కోలముఖానికి కాస్త ఎత్తున్నది నప్పుతాయంటారు. నేనైతే ముందు ముక్కు చూడమంటాను. చప్పిడి ముక్కు మీద ప్లాస్టిక్ ఫ్రేము జారుతుంది. కదిలే ప్యాడ్లున్న లోహపు ఫ్రేము నిలుస్తుంది. పెట్టుకుని ఒకసారి గట్టిగా నవ్వండి. బుగ్గలు తగిలి ఫ్రేము పైకి లేస్తే వద్దనండి. కనుపాప అద్దానికి దాదాపు నడుమ ఉండాలి. మైనస్ పవర్ ఎక్కువైతే చిన్న ఫ్రేము మేలు, అంచుల మందం తగ్గుతుంది.

ఉచిత శిబిరాల్లోనూ నాలుగైదు రకాల ఫ్రేములు, ఒక చేతద్దం ఉంచాలని అధికారులను కోరుతున్నాం. ఈ సంచికలో ఫ్రేముల ఎంపికపై వివరంగా రాశాం. చూపు ఆనని అవ్వకో తాతకో చదివి వినిపించండి.