గృహనిర్వహణము: మొదటి క్యాంపరు కొనుటెట్లు?



వేసవి సెలవులు సమీపించినకొలదిని అమెరికాలో కాపురముండు మన తెలుగు కుటుంబములలో క్యాంపరును గూర్చిన ప్రసంగము తఱచుగా వచ్చుచుండును. పిల్లలకు బడి యుండదు. ఇండియానుండి అత్తమామలో, తల్లిదండ్రులో వచ్చియుందురు. ఆఱుగురు మనుష్యులు నాలుగు దినములు హోటలులో నుండవలెనన్న రెండు గదులు కావలయును. రెండు పూటల భోజనము బయట కొనవలయును. ఆ భోజనము పెద్దవారికి సరిపడదు. ఇట్టి స్థితిలో మన యిల్లు మన వెంటనే వచ్చిన బాగుండునని తోచుట సహజము. క్యాంపరనగా నట్టి యిల్లే. పడక, పొయ్యి, నీళ్ళు, కొన్నిటిలో మరుగుదొడ్డి, అన్నియు చక్రములమీద నుండును.

ఈ యాలోచన మనకు క్రొత్తది కాదు. మన అవ్వలు తిరునాళ్ళకు గూడుబండిలో పరుపు పఱచుకొని, బియ్యము, పప్పు, ఊరగాయజాడీ వేసికొని బయలుదేరి, చెట్టుక్రింద మూడు రాళ్ళు పెట్టి వండుకొనెడివారు. అమెరికాలోను కార్లు వ్యాపించిన కొలదికాలమునకే జనులీ పని మొదలుపెట్టిరి. 1919లో ఫ్లారిడా రాష్ట్రమందలి టాంపా నగరమున నిట్టి ప్రయాణికులు 'టిన్ కాన్ టూరిస్ట్స్' అను సంఘమునే స్థాపించుకొనిరి.

అయితే గూడుబండి కట్టువారు ముందు ఎడ్ల సత్తువ చూచి, తరువాత బరువు వేసెడివారు. నేడు క్యాంపరు కొనువారిలో పలువురు ముందు బండిని చూచి ముచ్చటపడి, దానిని లాగు కారు మాట తరువాత తలంచుచున్నారు. అంగడిలో పడకలు లెక్కపెట్టుటకు ముందు ఇంటివద్ద మూడు లెక్కలు వేసికొనవలెననియే నేనీ నెల చెప్పదలచినది. మన కారు ఎంత మోయును? ఏటికి ఎన్ని రాత్రులు క్యాంపరులో పండుకొందుము? అది కదలక నిలుచు దినములకు ఖర్చెంత?

బండ్లలో తరగతులు

ఇంజనుతో గూడి తనంతట తాను నడచునది మోటారుహోము. సుఖప్రదమే కాని, దానిని పెట్టుకొనుట ఇంకొక పెద్ద కారును పోషించుటయే. మితముగా ఖర్చు పెట్టదలచినవారు మొదటిసారి దాని జోలికి పోకుండుట మేలు. గ్లేసియరు జాతీయవనములోని 'గోయింగ్ టు ది సన్' అను కొండబాటపై పైభాగమున 21 అడుగులకు మించిన పొడవుగల వాహనములను పోనీయరు. ట్రైలరును లాగుకొని వచ్చినవారు దానిని విడిదిలో నుంచి, కారులో కొండ నెక్కవచ్చును. పెద్ద మోటారుహోములో వచ్చినవారికి ఆ సౌకర్యము లేదు.

ఇక కారు వెనుక లాగు ట్రైలరులు. వీనిలో ముఖ్యమైనవి రెండు. మొదటిది మడత క్యాంపరు. దీనినే పాప్అప్ అందురు. ప్రయాణమున పెట్టెవలె మూసికొనియుండి, విడిదిలో పైకప్పు నెత్తగా గుడ్డగోడలు విచ్చుకొనును. తేలికైనది, గాలి కడ్డుపడదు, పాతది చౌకగా దొరకును. కాని ప్రతి విడిదిలోను విప్పి నిలబెట్టవలెను. వానలో తడిసిన గుడ్డను ఇంటికి రాగానే విప్పి ఆరబెట్టనిచో బూజు పట్టును. పలు మడత క్యాంపరులలో మరుగుదొడ్డి యుండదు. ఎల్లోస్టోనులోని ఫిషింగ్ బ్రిడ్జి విడిదిలో ఎలుగుబంట్ల సంచారము వలన గుడ్డగోడల బండ్లను రానీయరు.

రెండవది గట్టిగోడల ట్రైలరు. మరుగుదొడ్డి, శీతలపేటిక, తలుపుగల యల్మరలు ఇందుండును. విడిది చేరిన వెంటనే పెద్దవారు పండుకొనవచ్చును. కాని బరువు, ధర, నిలుపు చోటు అన్నియు హెచ్చు. ఇంటిలో వృద్ధులున్నచో చిన్నదైనను గట్టిగోడలదే మేలు. చిన్నపిల్లలు, దంపతులు మాత్రమే యైనచో మడత క్యాంపరు చాలును.

మొదటి లెక్క: కారు మోయు బరువు

కారుకు రెండు పరిమితులు గలవు. ఒకటి లాగు బరువు. ఇటీవలి హోండా ఒడిస్సీ, టయోటా సియెన్నా వంటి కుటుంబపు వ్యానులకు ఇది, తగిన అమరికలున్నచో, 3,500 పౌనులు. దీనిని అందఱు నడుగుదురు. రెండవది మోయు బరువు. దీని నడుగువారు తక్కువ. డ్రైవరు తలుపు తెఱచినచో ప్రక్క కంబమునకు అంటించిన చీటిలో, మనుష్యులు, సామాను కలిసి యింత బరువు మించరాదని వ్రాసియుండును. మనవంటి పెద్ద కుటుంబములకు ముందుగా నడ్డువచ్చునది ఈ రెండవ పరిమితియే.

ఏలయన, ట్రైలరు బరువులో నూటికి 10 మొదలు 15 వంతుల వఱకు కారు వెనుక కొక్కెముపై పడవలెను. అది తక్కువైనచో ట్రైలరు దారిలో పాములాగున ఇటునటు ఊగును. ఆ పడిన బరువును కారు మోయు సామానులోనే లెక్కింపవలెను. ఒక యుదాహరణము చూడుడు. చీటిలో 1,300 పౌనులని యున్నదనుకొందము. దంపతులు 310, అత్తమామలు 280, పిల్లలిద్దఱు 140, మొత్తము 730. కారులోని పెట్టెలు, మంచుపెట్టె, తినుబండారములు 200. ఇక మిగిలినది 370. ట్రైలరు నిండుబరువు 3,000 పౌనులైనచో కొక్కెముపై పడునది 300 మొదలు 450 వఱకు. అనగా లాగు పరిమితికి లోబడియున్నను మోయు పరిమితి దాటిపోవచ్చును. 2,400 పౌనుల బండియైనచో 240 మొదలు 360. ఇది సరిపోవును. కొన్ని కార్లకు కూర్చుండువారి సంఖ్య పెరిగినకొలదిని లాగు బరువు తగ్గునని కారుతో నిచ్చిన పుస్తకములోనే యుండును. దానిని తప్పక చదువవలెను.

అంగడివారు చెప్పునది తఱచుగా ఖాళీబరువు. మనకు కావలసినది నిండుబరువు పరిమితి. ఇది ట్రైలరుకు అంటించిన చీటిలోనే యుండును. ఖాళీబండిలో నీళ్ళు లేవు, గ్యాసు లేదు, పరుపులు, పాత్రలు లేవు. ఒక గ్యాలను నీరు 8.3 పౌనులు తూగును. 20 గ్యాలనుల తొట్టి నింపినచో 166 పౌనులు, అనగా ఇంకొక పెద్దమనిషి యెక్కినట్లే. బియ్యపుసంచి, నీళ్ళడబ్బాలు ట్రైలరు వెనుకతట్టున పేర్చరాదు. బరువు ఇరుసుకు దగ్గఱగా, కొంచెము ముందుకు ఉండవలెను. చాల రాష్ట్రములలో 3,000 పౌనులు దాటిన ట్రైలరుకు ప్రత్యేకముగా బ్రేకులుండవలెనని చట్టము. చిన్నవానికిని అవి యున్నచో మేలు. వానికి కారులో అమర్చు యంత్రపు ఖర్చును ధరలో కలుపుకొనుడు.

మామగారికి నడుమునొప్పి గనుక ట్రైలరులో పండుకొని రావచ్చునా యని కొంద ఱడుగుదురు. కూడదు. కదలుచున్న ట్రైలరులో ఎవ్వరును ఉండరాదు. దానిలో పట్టీ కట్టుకొను ఆసనములు లేవు. పలు రాష్ట్రములలో చట్టమును నిషేధించుచున్నది. కావున పడకలెన్ని యున్నను, కారులో ఆసనము లున్నంతమందియే ప్రయాణికులు.

రెండవ లెక్క: రాత్రులు

ఈ క్రింది యంకెలు ఊహకొఱకు మాత్రమే. మీ యంకెలు వేసి చూచుకొనుడు. పాత మడత క్యాంపరును 6,000 డాలర్లకు కొని, అయిదేండ్లకు 3,000 డాలర్లకు అమ్మితిమనుకొందము. నష్టము ఏటికి 600. నిలుపు చోటికి నెలకు 50 చొప్పున 600. భీమా, రిజిస్ట్రేషను, టైర్లు, మరమ్మతు 500. మొత్తము ఏటికి 1,700. విడిదికి రాత్రికి 35 డాలర్లనుకొనుడు. ఏటికి 5 రాత్రులు మాత్రమే వాడినచో రాత్రికి 375 డాలర్లు పడును. 10 రాత్రులైనచో 205. 20 రాత్రులైనచో 120. పెట్రోలు వేఱు. మొదటి యంకెకు మంచి హోటలులోనే రెండు గదులు రావచ్చును. మూడవ యంకెకు క్యాంపరు నిజముగా పొదుపు. వస్తువు ఒకటే, వాడుకనుబట్టి ఖరీదైనదో చౌకయైనదో యగుచున్నది. కావున గడచిన రెండేండ్ల క్యాలెండరు తెఱచి, నిజముగా సెలవు దొరికిన రాత్రులెన్నో చూచుకొనుడు. ఆశపడిన రాత్రులు లెక్కలోనికి రావు.

వాయిదాల విషయమునను జాగ్రత్త. వీనికి అప్పు పదేండ్లకును, పదునైదేండ్లకును ఇత్తురు. 20,000 డాలర్లకు నూటికి 8 వడ్డీతో పదునైదేండ్లకు నెలవాయిదా 191 డాలర్లు. వినుటకు స్వల్పము. మొత్తము చెల్లించునది 34,400. బండి విలువయో ఏటేట తగ్గిపోవును. పిల్లవాడు కళాశాలకు పోవుచున్నను వాయిదా మిగిలియుండును. ఉన్న సొమ్ములో వచ్చినది కొనుటయే మొదటిసారికి నీతి.

మూడవ లెక్క: నిలుపు చోటు

మనవారు నివసించు పేటలలో గృహయజమానుల సంఘపు నిబంధనలుండును. పెక్కింట ట్రైలరును ఇంటిముందు నిలుపనీయరు. కొనిన పిమ్మట జాబు వచ్చుటకంటె, కొనుటకు ముందే ఆ నిబంధనలు చదువుట మేలు. మడత క్యాంపరు కొన్ని గారేజీలలో పట్టును. తలుపు ఎత్తు, లోపలి పొడవు కొలిచి చూడుడు. చలిదేశములలో శీతకాలమునకు ముందు గొట్టములలోని నీరు తీసివేయవలెను. లేనిచో గడ్డకట్టి గొట్టములు పగులును.

పాతబండిని పరీక్షించుట

పాత క్యాంపరునకు శత్రువు నీరు. కప్పు అతుకులు, కిటికీల మూలలు, యల్మరల లోతట్టు చేతితో తడిమి చూడుడు. మెత్తనైనను, మరకయున్నను, లోపల ముక్కవాసన వచ్చినను మరమ్మతు పెద్దది. నేల యంతటను మెల్లగా నడచి, పాదము క్రింద కుంగుచున్నదేమో గమనింపుడు. సుగంధద్రవ్యము విస్తారముగా చల్లియున్నచో ఏల చల్లిరో అడుగుడు. వాన వెలిసిన మఱునాడు చూడబోవుట మంచిది.

టైర్లు క్రొత్తవానివలె కనబడినను వయస్సు చూడవలెను. టైరు ప్రక్కన 'డాట్' అను అక్షరముల వరుస చివర నాలుగంకెలుండును. 2319 అనగా 2019వ సంవత్సరము 23వ వారమున చేసినది. అయిదాఱేండ్లు దాటినవి అరుగకున్నను మార్చుట క్షేమము. పొయ్యి, శీతలపేటిక, నీళ్ళపంపు, దీపములు అన్నియు మన యెదుటనే నడిపించి చూపుమనుడు. గ్యాసును, కార్బన్ మోనాక్సైడును పసికట్టు గంటలకు గడువుతేది యుండును. అది దాటినచో క్రొత్తవి పెట్టవలెను. టైటిలు పత్రము అమ్మువాని పేరుననే యున్నదేమో చూడక సొమ్ము చేతికీయరాదు.

వంటయు, పెద్దవారును

మన పోపు ఇరుకుగదికి తగినది కాదు. మిరపకాయ ఘాటు గుడ్డగోడలకు, పరుపులకు పట్టి వదలదు. పొగగంటయు మ్రోగును. కావున బయట పెట్టుకొను చిన్న గ్యాసుపొయ్యి యున్న బండిని చూడుడు, లేదా వేఱుగా కొనుడు. పులిహోర, చపాతీలు, పొడులు ఇంటివద్ద సిద్ధము చేసికొనిపోయినచో విడిదిలో అన్నము, చారు చాలును. ఎలుగుబంట్లున్న వనములలో నూనెగిన్నె, ఊరగాయ, చెత్త, ఏదియు బల్లమీద విడువరాదు. అచ్చటి నిబంధన ప్రకారము కారులోనో, ఇనుపపెట్టెలోనో భద్రపఱుపవలెను. చలివేసినదని గ్యాసుపొయ్యి వెలిగించి గది వెచ్చజేయుట ప్రాణాపాయము. పాత్రలు కడిగిన నీటిని నేలపై పాఱబోయక, అందుకై యేర్పఱచిన చోటనే విడువవలెను.

అత్తగారు వత్తురనిన, ఆమెను అంగడికి వెంటబెట్టుకొనిపొండు. మెట్టెక్కి, పడకపై పండుకొని, రాత్రి లేచి మరుగుదొడ్డికి పోవు దారి నడచి చూడనిండు. అంగడిలో కష్టమైనది చీకటిలో నింకను కష్టమగును.

కొనుటకు ముందు అద్దెకు

ఇన్ని లెక్కలు సరిపడినను, ముందు అద్దెకు తీసికొని, ఇంటికి రెండుగంటల దూరములోని విడిదిలో రెండు రాత్రులుండి చూడుడు. విద్యుత్తులేని విడిదియైనచో నింకను మేలు. గ్రేట్ స్మోకీ కొండలలోని ప్రభుత్వపు విడిదులలో చాలవఱకు విద్యుత్తు లేదు. అక్కడ చల్లనిగాలి యంత్రమున్నను నడువదు. పేరుపొందిన జాతీయవనములలో పెక్కు విడిదులను ఆఱునెలల ముందుగానే రిక్రియేషన్.గవ్ అను ప్రభుత్వపు చోటున నిశ్చయించుకొనవలెను. కావున బండి కొనుటకంటె ముందు సెలవు తేదీలు నిర్ణయించుకొనువారికే దానివలన ఫలము.

ఆ రెండు రాత్రులు గడచిన పిమ్మట పిల్లలు మఱల పోదమని యడిగి, పెద్దలు నడుము నొచ్చెననక, మీకును వంటపని రెట్టింపైనట్లు తోపకున్నచో, పైలెక్కలకు సరిపోవు చిన్నబండిని నిశ్చింతగా కొనుడు. అట్లు కానిచో అద్దెబండియే చాలును. అందువలన చిన్నతన మేమియు లేదు. పిల్లలకు జ్ఞాపకముండునది కొండగాలి, నక్షత్రములు, అమ్మమ్మ చెప్పిన కథ. బండి ఎవరి పేర నున్నదో వారెఱుగరు.